సంధి ప్రేలాపన లేని సంధి

వార్డులో పక్కపక్కన రెండు మంచాలు. ఒకదాని మీద తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన. ఆపరేషన్ అయిన రెండో రాత్రి, పదకొండు దాటాక, చేతికున్న సెలైన్ సూది పీకేశాడు. మంచం దిగబోయాడు. ఆపడానికి వచ్చిన నర్సును ‘నా ఇంట్లోకి నిన్నెవరు రానిచ్చారు’ అని గద్దించాడు. రెండో మంచం మీద న్యుమోనియాతో చేరిన పెద్దావిడ. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. పొద్దుటి నుంచి కళ్లు మూసుకునే ఉంది. గట్టిగా పిలిస్తే ‘ఊఁ’ అంటుంది, మాట పూర్తికాకముందే మళ్లీ మగతలోకి జారిపోతుంది. కుడిచేతి వేళ్లు మాత్రం దుప్పటి అంచును అదేపనిగా గిల్లుతున్నాయి, అక్కడేదో నూలుపోగు అంటుకుని ఉన్నట్టు.

పెద్దాయన గురించి ఆ రాత్రే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ వెళ్తుంది. పెద్దావిడ గురించి కేస్ షీట్‌లో ‘ప్రశాంతంగా నిద్రపోయింది’ అని పడుతుంది. ఇద్దరికీ వచ్చింది ఒకటే, డెలీరియం. ఇద్దరిలో ఎక్కువ భయపడాల్సింది ఆవిడ గురించే.

తెలుగులో దీనికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది: సంధి. జ్వరం ముదిరి మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే సంధి ప్రేలాపన అనేవారు. మంచి మాటే, కానీ దానిలో ఒక చిక్కుంది. ప్రేలాపన ఉంటేనే సంధి అన్న భావం మనసులో నాటుకుపోయింది. లాటిన్ మాట ఈ విషయంలో కాస్త నయం. అందులో ‘లీరా’ అంటే దుక్కి చాలు. నాగలి చాలు తప్పడమే డెలీరియం. చాలు తప్పిన నాగలి చప్పుడు చేయాలనేం లేదు. పాత గ్రీకు వైద్యులైతే రెండు స్థితులకూ విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు, చెలరేగేదానికి ఫ్రెనైటిస్, మందగించేదానికి లెథార్గస్. ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు ముఖాలని తేలడానికి చాలా కాలం పట్టింది. చాలామందిలో ఈ రెండూ కలిసే ఉంటాయి, పగలు మగత, రాత్రి అలజడి.

అసలు చెడేది ఏమిటి? అందరూ జ్ఞాపకశక్తి అనుకుంటారు. ముందుగా దెబ్బతినేది దృష్టి నిలపడం. ఎదుటి మనిషి మాట మీద మనసు పెట్టడం, ఒక దాని నుంచి ఇంకో దానికి మళ్లించడం, మొదలుపెట్టిన ఆలోచనను చివరిదాకా పట్టుకోవడం, ఇవన్నీ చేజారతాయి. దాని వెనకే తేదీ, చోటు, మనుషులు కలగాపులగం అవుతారు. లేనివి కనిపిస్తాయి. పగలూ రాత్రీ తారుమారవుతాయి. ఇదంతా గంటల్లో, లేదా ఒకటి రెండు రోజుల్లో వచ్చిపడుతుంది, వచ్చాక ఒక తీరున ఉండదు. 1959లో జార్జ్ ఎంగెల్, జాన్ రొమానో అనే అమెరికన్ వైద్యులు దీన్ని మెదడు చేతకానితనంగా వర్ణించారు. గుండె, కిడ్నీ పని చేయలేక చతికిలబడ్డట్టే మెదడు కూడా చతికిలబడుతుందని వాళ్ల వాదన. డెలీరియంలో ఉన్నప్పుడు ఈఈజీ తీస్తే మెదడు తరంగాలు నెమ్మదించి కనిపిస్తాయని వాళ్లే అంతకుముందు చూపించారు. కిడ్నీ చెడితే క్రియాటినిన్ రిపోర్ట్ చేతికొస్తుంది. మెదడు చతికిలబడితే చూపించే రక్త పరీక్ష ఇప్పటికీ లేదు. మంచం పక్కన కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది. దీన్ని ఇన్నిసార్లు పట్టుకోలేకపోవడానికి సగం కారణం అదే.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. మెడికల్ వార్డుల్లో చేరే పెద్దవయసు రోగుల్లో సుమారు నలుగురిలో ఒకరికి వస్తుంది. ఐసీయూ లెక్క ఇంకా ఎక్కువ. 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఊపిరి అందక గానీ షాక్‌తో గానీ ఐసీయూలో చేరిన 821 మందిని గమనిస్తే 74 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు డెలీరియం వచ్చింది.

మరి ఎలా పట్టుకోవాలి? రోగి దగ్గర కూర్చుని ‘డిసెంబర్ నుంచి వెనక్కి నెలల పేర్లు చెప్పండి’ అని అడగాలి. నెలలు రాకపోతే వారాల పేర్లైనా సరే. మామూలు మనిషి కాస్త తడుముకున్నా వెనక్కి వెళ్లిపోతాడు. డెలీరియంలో ఉన్న మనిషి ‘డిసెంబర్... నవంబర్... అక్టోబర్...’ దాకా వస్తాడు. ఒక్క క్షణం ఆగుతాడు. ‘నవంబర్, డిసెంబర్, జనవరి’ అంటూ అలవాటైన దారిలో ముందుకు నడిచేస్తాడు. లేదా కిటికీ వైపు చూస్తూ అసలు ప్రశ్నే మరిచిపోతాడు. గుర్తు చేస్తే మళ్లీ మొదలుపెడతాడు, మళ్లీ అక్కడే జారిపోతాడు. నిమిషం కూడా పట్టని ఈ పరీక్షలో దృష్టి ఎక్కడ తెగుతోందో కళ్లముందే కనిపిస్తుంది. ‘బాగున్నారా?’ అంటే ‘బాగున్నా’, ‘నొప్పుందా?’ అంటే ‘లేదు’ అని జవాబిచ్చే రోగి ఎంతో స్పృహగా ఉన్నట్టే అనిపిస్తాడు. ఏళ్ల తరబడి నోట్లో నానిన మర్యాద మాటలు చెప్పడానికి దృష్టి అక్కర్లేదు. రౌండ్స్‌లో ఈ రెండు ప్రశ్నలతో సరిపెట్టేసే డాక్టర్‌కి డెలీరియం దొరకదు.

నెలల పరీక్షను ఇంకో మూడు అంశాలతో కలిపి ఎడిన్‌బరోలో తయారుచేసినదే 4ఏటీ అనే చిన్న స్కోరు. రోగి ఎంత మెలకువగా ఉన్నాడు, వయసు, పుట్టినరోజు, ఉన్న చోటు, సంవత్సరం చెప్పగలడా, నెలలు వెనక్కి చెప్పగలడా, ఈ మధ్య హఠాత్తుగా మార్పు వచ్చిందా. నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డెలీరియం ఉండొచ్చని అర్థం. ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. దీనిలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఒకటుంది. రోగి మగతగా ఉండి పరీక్షే చేయలేకపోతే ఆ గడి ఖాళీగా వదలరు, దానికీ మార్కులు పడతాయి. మొదట్లో చెప్పుకున్న పెద్దావిడ అంత మగతగా ఉన్నందుకే నాలుగు మార్కులు తెచ్చుకుంటుంది. ‘నిద్రలో ఉంది, రేపు చూద్దాం’ అనే సాకుకు అక్కడ చోటు లేదు.

వెంటిలేటర్ మీద ఉన్న మనిషి మాట్లాడలేడు కాబట్టి ఐసీయూలో పద్ధతి వేరు. నర్సు రోగి చేయి పట్టుకుని పది ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటిగా చదువుతుంది, ‘ఏ’ వినిపించినప్పుడే వేళ్లు నొక్కమంటుంది. రెండు కన్నా ఎక్కువ తప్పులొస్తే దృష్టి నిలవడం లేదనే. డెలీరియాన్ని గుర్తించడానికి అమెరికన్ వైద్యురాలు షారన్ ఇనౌయే బృందం 1990లో తెచ్చిన క్యామ్ అనే పద్ధతిని ఐసీయూకి తగ్గట్టు మలిచారిలా.

ఏ స్కోరూ తెలియకపోయినా ఇంట్లోవాళ్లను అడగాల్సిన ఒక్క ప్రశ్న ఉంది: ‘ఈమధ్య మీ మనిషి తికమక పడుతున్నట్టు మీకనిపించిందా?’ నర్సుకు ఆ రోగి పరిచయమై రెండు రోజులు. డాక్టర్ చూసేది పూటకు రెండు నిమిషాలు. మంచం పక్క స్టూల్ మీద కూర్చున్న కూతురికి ఆ మనిషి నలభై ఏళ్లుగా తెలుసు. ‘మా అమ్మ ఇలా ఉండదండీ’ అని ఆ అటెండెంట్ అన్నదంటే దాన్ని కంగారు కింద కొట్టిపారేయకూడదు, అది రోగలక్షణం. పైగా డెలీరియం గంటగంటకీ మారేది. పొద్దున పది గంటల రౌండ్స్‌లో చక్కగా మాట్లాడినాయన రాత్రి రెండింటికి గోడ మీద పురుగులు దులుపుతుంటాడు. పొద్దున చూసినవాళ్లు, రాత్రి చూసినవాళ్లు చెప్పేవి పొసగకపోతే ఒకరు అబద్ధం చెప్తున్నట్టు కాదు. ఆ తేడాయే ఒక ఆధారం.

ఇక్కడ మతిమరుపు జబ్బుతో ఒక తకరారు. డిమెన్షియా నెలల్లో, ఏళ్లలో కమ్ముకుంటుంది. ఆ మనిషి చాలాకాలం దాకా మెలకువగానే ఉంటాడు. డెలీరియమైతే ‘పోయిన మంగళవారం నుంచి’ అని చెప్పగలిగేటంత హఠాత్తుగా వస్తుంది. అయితే డిమెన్షియా ఉన్నవాళ్లకే డెలీరియం ఎక్కువ వస్తుంది కాబట్టి ‘ఆయనకు ముందునుంచీ మతిమరుపే కదా’ అన్న మాటతో ఎన్నో కేసులు మరుగున పడిపోతాయి. మందగించిన రకాన్నేమో డిప్రెషన్ అనుకుని సైకియాట్రిస్ట్‌కి రాస్తారు. ఏదో తేలనప్పుడు డెలీరియం అనుకునే ముందుకెళ్లడం మంచిది, ఎందుకంటే అన్నిటికన్నా తొందరగా ప్రాణం మీదకు తెచ్చేది అదే.

కారణం ఒక్కటే ఉండడం అరుదు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డ సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. నక్క ఎంత మూలుగుతోందన్నది ఒక సగం: వయసు, డిమెన్షియా, తుంటి ఎముక విరగడం, ముదిరిన జబ్బు, చూపూ వినికిడీ తగ్గడం. తాటికాయ ఎంత పెద్దదన్నది మిగతా సగం. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి డెలీరియం రావాలంటే తీవ్రమైన ఇన్‌ఫెక్షనో, ఐసీయూయో కావాలి. డిమెన్షియా ఉన్న ఎనభై ఏళ్ల మనిషికి జలుబుకని వేసిన ఒక్క మాత్ర చాలు.

వెంటనే చూడాల్సినవి ఆక్సిజన్, షుగర్, బీపీ, జ్వరం. వేలి కొనలో చుక్క రక్తంతో తేలిపోయే షుగర్ డౌన్‌ను సీటీ స్కాన్ అయ్యేదాకా మరిచిపోవడం క్షమించరాని తప్పు. ఆ తర్వాత సోడియం, కిడ్నీ, లివర్, ఒంట్లో నీళ్లు తగ్గడం, గుండెపోటు, పడిపోయిన మనిషైతే తలలో రక్తస్రావం. ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెద్దవయసులో జ్వరం రాకపోవచ్చు, మతి తప్పడమే మొదటి గుర్తు కావచ్చు. కొవిడ్ మొదటి ఏడాదిలో అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన 817 మంది పెద్దవయసు కొవిడ్ రోగులను చూస్తే 28 శాతం మంది డెలీరియంతో వచ్చారు. ఆ డెలీరియం ఉన్నవాళ్లలో మూడో వంతు పైగా జ్వరమో ఆయాసమో లేనివాళ్లే. అలాగని మూత్రంలో నాలుగు బాక్టీరియా కనబడగానే ‘దొరికింది’ అనుకుని వెతకడం ఆపేయడమూ సరికాదు. పెద్దవయసులో ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉండడం మామూలు. యాంటీబయాటిక్ రాసేసి చేతులు దులుపుకుంటే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

ఎవరూ చూడని రెండు కారణాలు పొట్ట మీద చేయి పెడితే తెలుస్తాయి. మూత్రం బిగబట్టుకుపోయి బొడ్డు కింద గట్టిగా ఉబ్బి ఉండడం ఒకటి, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోవడం రెండోది. రాత్రంతా మంచం దిగుతానని గొడవ చేసిన పెద్దాయనకు పైపు వేసి మూత్రం తీసేస్తే గంటలో సర్దుకున్న సందర్భాలు వార్డుల్లో పనిచేసే ఎవరిని అడిగినా చెప్తారు. ఆయన బాత్రూమ్‌కి వెళ్లాలనే గొడవ చేశాడు, మాటలో చెప్పలేకపోయాడంతే. నొప్పి కూడా అలాంటిదే. నొప్పికి మార్ఫిన్ లాంటి మందు ఎక్కువైతే డెలీరియం వస్తుంది, నొప్పిని పట్టించుకోకపోయినా వస్తుంది.

మందుల చీటీ ఆసాంతం చదవాలి. దురదకూ జలుబుకూ ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్, ప్రోమెథజిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చే ఆక్సీబ్యుటినిన్, నిద్రకనో నరాల నొప్పికనో రాసే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ మెదడులో దృష్టికీ జ్ఞాపకానికీ కావాల్సిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. ఒక్కొక్కటీ చిన్నదే, మూడు కలిస్తే మనిషి మతి తప్పుతాడు. నిద్రమాత్రలది ఇంకో కథ. వేస్తే డెలీరియం రావచ్చు. ఏళ్లుగా వేసుకుంటున్న మనిషికి హాస్పిటల్‌లో చేరగానే ఆపేస్తే అప్పుడూ రావచ్చు. మద్యం తాగే అలవాటున్నవాళ్లకైతే చివరి గ్లాసు తర్వాత రెండు నుంచి నాలుగు రోజుల్లో చెమటలు, వణుకు, దడతో వచ్చే డెలీరియం ప్రాణాంతకం. అటెండెంట్లు మొహమాటపడి ఈ అలవాటును దాచడం వల్ల పోయే ఒకటి రెండు రోజులు చాలా విలువైనవి.

మందుతో తగ్గించవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు చాలామందిని నిరాశపరుస్తుంది. దశాబ్దాలుగా రాత్రి గొడవ చేసే రోగికి హాలోపెరిడాల్ అనే మానసిక జబ్బుల మందును ఇంజెక్షన్‌గా ఇవ్వడం అలవాటు. 2018లో 566 మంది ఐసీయూ రోగుల మీద జరిగిన పరీక్షలో హాలోపెరిడాల్ గానీ, అదే కోవకు చెందిన జిప్రాసిడోన్ గానీ ఉత్తుత్తి మందు కన్నా డెలీరియాన్ని తొందరగా తగ్గించలేదు. అంతకు ఏడాది ముందు చివరి దశ రోగుల మీద జరిగిన మరో పరీక్షలో రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ తీసుకున్నవాళ్ల లక్షణాలు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ల కన్నా ఎక్కువగానే ఉన్నాయి. ఇంజెక్షన్ తర్వాత వార్డు నిశ్శబ్దమవుతుంది, నిజమే. చెలరేగిన డెలీరియం మందగించిన డెలీరియంగా మారి ఉండొచ్చు, అంతే. తనకో ఇతరులకో హాని చేసుకునేంత ఉధృతంగా ఉంటేనో, లేనివి కనిపించి రోగి గజగజలాడిపోతుంటేనో, అతి తక్కువ మోతాదులో, కొద్దిరోజులకే ఇవ్వడం సమంజసం. పార్కిన్సన్స్ గానీ లెవీ బాడీ డిమెన్షియా గానీ ఉన్నవాళ్లకు హాలోపెరిడాల్ ఇస్తే మనిషి కొయ్యబారిపోవచ్చు. లోరాజెపామ్ లాంటి మత్తు మాత్రలు మద్యం మానడం వల్లనో నిద్రమాత్రలు ఆపడం వల్లనో వచ్చిన డెలీరియానికి సరైన మందు, మిగతా చోట్ల చాలాసార్లు అగ్నికి ఆజ్యమే.

పనిచేసేవి మరీ చిన్నవి, చెప్పుకోడానికి మొహమాటమేసేంత చిన్నవి. కళ్లజోడు పెట్టడం. చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందో లేదో చూడడం. కట్టుడు పళ్లు ఇవ్వడం. మంచినీళ్ల గ్లాసు చేతికి అందేటట్టు ఉంచడం. పగలు కర్టెన్ తీయడం, రాత్రి లైట్లు తగ్గించడం, బీపీ చూడటానికని రెండింటికి లేపకపోవడం. వీలైనంత తొందరగా మంచం దింపి నాలుగడుగులు వేయించడం. అవసరం తీరిన మూత్రపు పైపు తీసేయడం. 1999లో ఇనౌయే బృందం 70 దాటిన 852 మందితో ఇలాంటి పనుల ప్రభావం చూసింది. మామూలు వార్డులో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఈ పనులన్నీ చేసిన వార్డులో 9.9 శాతానికి తగ్గింది. అదే అధ్యయనంలో ఇంకో సంగతి అంతగా ప్రచారం కాలేదు. ఒకసారి డెలీరియం వచ్చినవాళ్లలో మాత్రం ఈ పనుల వల్ల తీవ్రత పెద్దగా తగ్గలేదు. అంటే కళ్లజోడు గుర్తురావాల్సింది మొదటి రోజే.

కళ్లకు ఇంత విలువ ఎందుకంటే, ఒకప్పుడు కంటి ఆపరేషన్ తర్వాత రెండు కళ్లకూ కట్టు కట్టి రోజుల తరబడి పడుకోబెట్టేవారు. మతి స్థిమితంగా ఉన్న రోగులు కూడా ఆ చీకట్లో కలవరపడి, కట్లు పీక్కుని, మంచాలు దిగేవారు. 1950ల నాటి వైద్య పత్రికల్లో దీనికి నల్లకట్టు డెలీరియం అని పేరు. చూపు మసకబారిన మనిషి కళ్లజోడు ఇంటి దగ్గర వదిలేసి హాస్పిటల్‌లో పడుకోవడం కొంతవరకు అలాంటిదే.

మాట్లాడే తీరు విషయంలో అటెండెంట్లకు చేతనైనంత ఎవరికీ చేతకాదు. ‘నాన్నా, నేను నీ పెద్దకొడుకుని. ఇది హాస్పిటల్. నిన్న కాలికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు రాత్రి, నేను ఇక్కడే ఉంటా.’ చిన్న వాక్యాలు, ముఖంలోకి చూస్తూ, ఎన్నిసార్లైనా. గోడ మీద పురుగులు కనిపిస్తున్నాయంటే లేవని వాదించి లాభం లేదు, ఉన్నాయని ఒప్పుకోనూ అక్కర్లేదు. ‘నాకు కనిపించడం లేదు, కానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది’ అంటే చాలు. ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని పరీక్ష పెట్టడం మాత్రం మానేయాలి. చుట్టాలంతా ఒకేసారి మంచం చుట్టూ చేరి తలోమాట మాట్లాడినా ఆ మనిషి ఇంకా అయోమయంలో పడతాడు. చేతులు మంచానికి కట్టేయడం తేలికైన దారిలా కనిపిస్తుంది. కట్టేసిన మనిషి ఇంకా పెనుగులాడతాడు. కట్టేయడమే డెలీరియాన్ని పెంచే కారణాల్లో ఒకటి. సెలైన్ పీకేస్తున్నాడంటే ముందు అడగాల్సింది ఆ సెలైన్ ఇంకా కావాలా అని.

ఎక్కువమందికి కొద్దిరోజుల్లో తగ్గుతుంది. కొందరికి వారాలు, నెలలు పడుతుంది. ఐసీయూ రోగుల్ని గమనించిన ఆ 2013 అధ్యయనంలో డెలీరియం ఎన్ని ఎక్కువ రోజులు ఉంటే ఏడాది తర్వాత జ్ఞాపకం, ఆలోచన అంత ఎక్కువగా దెబ్బతిని కనిపించాయి. తగ్గిన తర్వాత చాలామందికి ఆ రాత్రులు గుర్తుంటాయి. నర్సులు తనను చంపడానికి కుట్ర పన్నారని, మంచం కింద నీళ్లు చేరాయని, చనిపోయిన అన్న వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడని. పిచ్చి అనుకుంటారేమోనని ఎవరికీ చెప్పరు. నర్సును కొట్టబోయిన సంగతి గుర్తొచ్చి సిగ్గుపడతారు. అది ఒంట్లో జబ్బు వల్ల వచ్చిందని, హాస్పిటల్లో చేరేవాళ్లలో చాలామందికి వస్తుందని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పే బాధ్యత సాధారణంగా ఎవరి డ్యూటీలోనూ ఉండదు.

డిశ్చార్జ్ సమ్మరీలోనూ అంతే. ‘తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశాం, మనిషి స్థిమితంగా ఇంటికి వెళ్లారు’ అని ఉంటుంది. మధ్యలో నాలుగు రాత్రులు మాయం. రెండేళ్ల తర్వాత అదే మనిషి ఇంకో ఆపరేషన్‌కి చేరితే మత్తు డాక్టర్‌కి తెలియాల్సినవి ఇవే: ఫలానా తేదీన డెలీరియం వచ్చింది, ఫలానా మందుతో ఎక్కువైంది, మూత్రం బిగబట్టుకోవడమే కారణమని తేలింది, కొడుకు రాత్రి పక్కన ఉన్నప్పుడు తగ్గింది. కేస్ షీట్‌లో లేకపోతే అటెండెంట్ అయినా ఒక కాగితం మీద ఇంత రాసి, పాత రిపోర్టుల ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకోవచ్చు.